కంప వేసిన సైకిల్ దారి

రోడ్ల పనిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. కాఫీ తాగుతారు, నా మోకాళ్ల నొప్పి గురించి మర్యాదకు రెండు మాటలు అడుగుతారు, ఆ తర్వాత అసలు సంగతికి వస్తారు. మొన్న వచ్చిన ఇంజనీరమ్మ సంచిలోంచి ఒక పెద్ద కాగితం తీసి నా ముందు పరిచింది. అందులో రోడ్డు పక్కనే ఆకుపచ్చటి గీత. అది సైకిళ్లకు ప్రత్యేకమైన దారట. సైకిళ్లు బస్సులతో, లారీలతో కలిసి పోవాలా, వాటికి వేరే బాట ఉండాలా, మీ అనుభవం ఏం చెబుతుంది సార్ అని అడిగింది. గీత గీసేసి వచ్చి సలహా అడగడమేమిటని నాకు ఒళ్లు మండింది. అయినా ఆమె మంచి మనిషి, నేను చెప్పిందంతా ఓపికగా విన్నది. ఆమెకు చెప్పిందే మీ అందరి కోసం ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఉన్నవాళ్లు పోట్లాటకు వస్తారు, పోయినవాళ్లు జవాబు చెప్పుకోలేరు.

డెబ్బైల చివర్లో నేను ధర్మవరం నుంచి బత్తలపల్లె వైపు పోయే రోడ్డు మీద ఓవర్సీరుగా ఉండేవాణ్ణి. రోడ్డంటే మీరు ఇప్పుడు చూసే రోడ్డు అనుకోకండి. ఒక్క బస్సు పట్టేంత తారు, దానికి అటూ ఇటూ మట్టి. ఆ పక్కమట్టిని మేం బెర్మ్ అనేవాళ్లం. కాగితం మీద తారూ బెర్మూ ఒకే ఎత్తులో ఉండేవి. నేల మీద మాత్రం గాలికీ, అప్పుడప్పుడూ పడే వానకీ మట్టి కొట్టుకుపోయి, తారు అంచు అరుగులాగా లేచి ఉండేది. కొన్నిచోట్ల జానెడు లోతు దిగాల్సి వచ్చేది.

ఆ రోడ్డు మీద పొద్దున పూట బస్సులకంటే సైకిళ్లే ఎక్కువ. పాలక్యాన్లు తగిలించుకున్నవాళ్లు, టమేటా గంపలు కట్టుకున్నవాళ్లు, వెనక పెళ్లాన్నీ ముందు బిడ్డనూ కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి పోయేవాళ్లు. అందరికంటే ఎక్కువగా నేతవాళ్లు. బస్సు హారన్ వినపడితే చాలు, వీళ్లంతా దిగాలి. తారు మీదినుంచి మట్టిలోకి దిగి, సైకిల్ పట్టుకుని నిలబడి, బస్సు లేపిన దుమ్ము మింగి, మళ్లీ ఎక్కాలి. ఇది ఏ పుస్తకంలోనూ రాసిన చట్టం కాదు. బస్సు పెద్దది, సైకిల్ చిన్నది, అంతే.

నేతవాళ్లలో ఒకాయన నాకు బాగా స్నేహం. ఇక్కడ ఆయన్ని నేతన్న అంటాను. రోడ్డు మలుపులో ఒకామె ఉగ్గాని, బజ్జీ అమ్మేది. నానిన బొరుగులకు తాలింపు వేసి చేసిన ఆ ఉగ్గాని మీద పప్పుల పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తే, ఎండలో తిరిగిన ఒళ్లు మళ్లీ మన మాట వినేది. అలాంటి ఉగ్గాని ఆ తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు. నేతన్నా నేనూ కలిసేది అక్కడే. ఆయన ధర్మవరంలో సావుకారు దగ్గర పట్టు పడుగు తెచ్చుకుని, ఇంట్లో మగ్గం మీద చీరలు నేసి, మళ్లీ పట్నం చేర్చేవాడు. పడుగంటే చీరకు నిలువునా పోయే పోగులన్నీ కలిపి చుట్టిన కట్ట. దాన్ని తెల్లటి పంచెలో చుట్టి క్యారియరుకు కట్టేవాడు. అది కిందపడి మట్టిలో దొర్లిందంటే చిక్కులు పడుతుంది. తెగిన పోగులన్నీ ఒక్కొక్కటిగా ముడివేసుకునేదాకా మగ్గం ఆగిపోతుంది, ఇంట్లో పొయ్యి కూడా ఇంచుమించు ఆగిపోతుంది. బస్సులో తెచ్చుకోవచ్చు కదా అని ఒకసారి అన్నాను.

"కోళ్ల గంప పక్కన పెట్టల్లా సార్ పట్టును?" అని నన్ను కింది నుంచి పైదాకా చూసినాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక సాయంత్రం ఆయన పడుగుతో ఇంటికి పోతుంటే వెనక నుంచి బస్సు వచ్చింది. అలవాటు ప్రకారం తారు దిగబోయాడు. అంచు దగ్గర ముందు చక్రం జారి, సైకిల్ ఒక పక్కకు, ఆయన ఒక పక్కకు పడ్డారు. కుడి మోచేయి విరిగింది. బస్సు ఆగలేదు. తగల్లేదు కాబట్టి ఆగాల్సిన పని ఉందని డ్రైవరు అనుకోలేదు. ఆ డ్రైవరు కుందుర్పి వైపు మనిషి, మాకందరికీ తెలిసినవాడే. కోపం ముక్కు మీద ఉండేది కానీ చెడ్డవాడు కాదు. తర్వాత ఎవరు అడిగినా "నా బండి తగల్లేదు" అనేవాడు. అది నిజం. నేతన్నను పరామర్శించడానికి పోతే ఆయనా అదే అన్నాడు.

"బస్సు తగల్లేదు సార్. ఎవురూ తగల్లేదు. నేనే పడినా."

కట్టు విప్పాక చేయి పూర్తిగా చాచడానికి రాలేదు. మగ్గం నేయడానికి సరిపోయేది. సైకిల్ తొక్కడానికి సరిపోయేది. గబుక్కున దిగడానికి మాత్రం పట్టు దొరికేది కాదు. ఆయన మా క్యాంపు ఆఫీసుకు వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా నిలబడే చెప్పినాడు.

"హారన్ ఇనపడినబ్బుడల్లా దిగాలంటే నాతో కాదు సార్. బస్సుల జోలి లేని దోవ ఒగటి మాకు ఏయించండి. లేదంటే సైకిల్ మానుకోవాల్సిందే. సైకిల్ మానుకుంటే మగ్గం మానుకున్నట్లే. ఇంగ కూలికి పోవాల. ఈ సెయ్యితో కూలికి ఎవురు పిలుస్తారు?"

ఆ మాట విన్నవాడు మా చిన్న ఇంజనీరు. కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు. మా ఎండ పడక రోజంతా మజ్జిగ తాగేవాడు, రాగి సంగటి ముద్దను చూసి దాన్ని కొరకాలా మింగాలా అని అడిగేవాడు. మేము చాటుగా నవ్వుకున్నా, అతనికి పని మీద ప్రేమ ఉండేది. నేతన్న వెళ్లగానే కాగితం తీసి రోడ్డు బొమ్మ గీశాడు. తర్వాత "మనం వేద్దామండీ, సైకిళ్లకే ఒక దారి" అన్నాడు. అప్పటికి ఆ దేశం ఈ దేశం పుస్తకాల్లో అలాంటి దారుల బొమ్మలు చూసి ఉన్నాడు కాబోలు, కళ్లు మెరిశాయి.

ఆ ఏడు వాన లేదు. మా జిల్లాలో ఇది పెద్ద వార్త కాదు కానీ, దానివల్ల కరువు పనులు మంజూరయ్యాయి. కరువు పని కింద మట్టి తవ్వచ్చు, మట్టి మోయచ్చు, మట్టి పరచచ్చు. తారుకు మాత్రం చిల్లిగవ్వ ఇవ్వరు. అందుకని రోడ్డును వెడల్పు చేసే ఆలోచన ఎవరికీ రాలేదు. రోడ్డు పక్క చింతచెట్ల వరుస దాటితే పాత బండ్ల బాట ఒకటి ఉండేది. దాన్నే చదును చేసి, గుట్టనుంచి మొరం, అంటే ఎర్రటి గులకమట్టి, తెచ్చి పరిచాం. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు గంపలతో మోశారు. మధ్యాహ్నం చింతనీడన సద్ది మూటలు విప్పితే ఊరిబిండి పచ్చడి వాసన దారి పొడుగునా వచ్చేది. ఒకరి చద్దన్నంలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్లం. కరువు రోజుల్ని తలచుకుని సంతోషపడటం తప్పే, కానీ ఆ మధ్యాహ్నాల మీద నాకు ఇప్పటికీ బెంగ. రోలరు తిరిగాక ఆ దారి ఎర్రగా, నున్నగా తయారైంది. నేను వేయించిన దారులన్నింటిలో అంత అందంగా ఉన్నది ఇంకొకటి లేదు.

అందంగా ఉన్నందువల్లే చిక్కు వచ్చింది. ఇనుప పట్టాల ఎద్దుబండ్లు, మేకల మందలు పాత అలవాటుతో దాని మీదికే వచ్చేవి. మా మేస్త్రి తల గోక్కుని "కంప కొడదామా సార్?" అన్నాడు.

"కంపంటే ఏమిటండీ?" అని ఇంజనీరు అడిగాడు.

ముళ్లచెట్ల కొమ్మలు నరికి కంచెలాగా వేయడమని చెప్పాం. సరేనన్నాడు. మాలో ఎవరికీ అనుమానం రాలేదు. మా జిల్లాలో చేనుకు కంప, దొడ్డికి కంప, గడ్డివాముకు కంప. కాపాడుకోవాలనుకున్న ప్రతిదాని చుట్టూ ముళ్లు పరచడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తుమ్మకంప, సీమజాలి కంప బండ్లకొద్దీ తెచ్చి, దారికి రెండు పక్కలా ఒత్తుగా వేశారు. సైకిల్ టైరులో ఉండేది గాలి అన్న సంగతి అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. నేతన్న కూడా వచ్చి చూసి తెగ మెచ్చుకున్నాడు.

"బాగా కొట్టినారు సార్. మేకపిల్ల గూడా దూరదు."

ఆషాఢంలో ప్రారంభం పెట్టుకున్నాం. మంచి రోజు కాదని మేస్త్రి గొణిగాడు కానీ అనంతపురం నుంచి వచ్చే పెద్ద అధికారికి ఆ రోజే తీరిక. ఆషాఢం గాలి ఎట్లుంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. ముందు రోజు రాత్రంతా వీచింది. పొద్దున చూస్తే దారి శుభ్రంగానే కనిపించింది. ఎర్ర మొరంలో ఎండు ముల్లు కనపడదు కదా. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు. మొదట తొక్కే గౌరవం నేతన్నకు ఇచ్చాం. ఉతికిన పంచె కట్టుకుని, సైకిల్ హ్యాండిలుకు బంతిపూలు చుట్టుకుని వచ్చాడు. ఆయన వెనక ఊరి నేతవాళ్లంతా గంటలు మోగించుకుంటూ బయలుదేరారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

పెద్ద అధికారి మైకు ముందు ఉపన్యాసం మొదలుపెట్టాడు. సైకిలు తొక్కే పేదవాడికి ఇక భయం లేదని చెబుతున్నాడు. ఆయన వీపు వెనక, చింతచెట్ల మధ్యనుంచి, ఒక్కొక్కరే సైకిలు నడిపించుకుంటూ తిరిగి వస్తున్నారు. మొదట ఒకరిద్దరు, తర్వాత గుంపు. అందరి టైర్లూ నేలకు అతుక్కుపోయాయి. చివరన పూలు చుట్టిన సైకిలుతో నేతన్న. జనం అధికారిని వదిలేసి అటు చూశారు. అధికారి కూడా వెనక్కి తిరిగి చూశాడు, మైకు పక్కన పెట్టాడు, జీపెక్కాడు.

మలుపు దగ్గర పంక్చర్లు వేసే సాయిబు ఆ రోజు పొద్దుగూకేదాకా తల ఎత్తలేదు. నేను అటుగా పోతుంటే నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తూ, ఎంతో భక్తిగా అడిగాడు.

"సార్, ఇట్లాంటి దోవ ఇంగొగటి ఎబ్బుడేస్తారు?"

తర్వాత ఏం చేశామంటే, చేయగలిగినవన్నీ చేశాం. రోడ్డు కూలీల గ్యాంగుతో రోజూ ఊడ్పించాం. ఊడ్చి వెనక్కి తిరిగేలోపు గాలి మళ్లీ తెచ్చేది. కంప తీయించాం. కంప తీయగానే బండ్లు వచ్చాయి, చక్రాల గాట్లు పడ్డాయి. రెండు చినుకులు పడితే పల్లేరు మొలిచింది, దాని కాయలు కంపకంటే ఘోరం. తారు రోడ్డు మీద మాత్రం ముల్లు నిలిచేది కాదు. బస్సులూ లారీలూ రోజంతా తిరిగి దాన్ని ఊడ్చేసేవి. మోటారు బండ్లను వద్దనుకుని వేసిన దారికి, అవి చేసిపెట్టే ఈ ఒక్క ఉపకారం లేకుండా పోయింది. చివరకు వేరుశనగ పీకే కాలానికి రైతులు వచ్చి మా దారి మీద కాయలు ఆరబోసుకున్నారు. ఆరబోతకు అంత మంచి కళ్లం తాలూకాలోనే లేదని అందరూ అన్నారు.

సైకిళ్లన్నీ మళ్లీ తారు మీదికి వచ్చాయి. అక్కడే అసలు కష్టం మొదలైంది. ఇదివరకు బస్సువాడు హారన్ కొట్టి, కొంచెం వేగం తగ్గించి, సైకిలు దిగేదాకా చూసేవాడు. ఇప్పుడు అది కూడా పోయింది. మీకు దారి వేశారు కదా, ఈ రోడ్డు మీద మీకేం పని అన్నట్టు మీదికి వచ్చేవాళ్లు. లారీవాళ్లయితే కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టి మరీ పోయేవాళ్లు. దారి లేనప్పుడు రోడ్డు మీద సైకిలుకు సగం హక్కు ఉండేది, దారి వేశాక అదీ లేదు. ఊళ్లో వాళ్లు నేతన్నను కనపడినప్పుడల్లా "నీ దోవ బాగుండాదప్పా" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన ఉగ్గాని దగ్గరికి రావడం మానేశాడు. పట్నం పోవడం కూడా తగ్గించాడని, మగ్గం అమ్మేస్తాడేమోనని బజ్జీలామె చెప్పింది. ఆ మాట విన్నాక నేను కూడా ఆయన కంటపడకుండా తప్పించుకు తిరిగాను.

ఇక ఒక రోజు సంగతి చెప్పాలి. మా జీపు చెడిపోయి, ఇంజనీరూ నేనూ ధర్మవరంలో బత్తలపల్లె మీదుగా పోయే అనంతపురం బస్సు ఎక్కాం. డ్రైవరు కుందుర్పి ఆయనే. బస్సు నిండా జనం, టాపు మీద మూటలు. ఊరు దాటి కొంతదూరం వచ్చామో లేదో హారన్ మోత మొదలైంది. ఆగకుండా కొడుతున్నాడు. తల వంచి చూస్తే ముందు ఒక సైకిలు, క్యారియరు మీద తెల్లటి మూట. నేతన్న. తారు మీద ఎడమ పక్కగా తొక్కుతున్నాడు. దిగడం లేదు. పక్కకు తప్పించి పోదామంటే కుడి అంచు లోతు, బస్సు చక్రం దింపితే టాపు మీది బరువుకు ఒరిగిపోతుంది. డ్రైవరు బస్సును సైకిలు వెనకే అంటించి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమప్పా, చెవుడా? హారన్ ఇనపళ్లేదా?"

"ఇనపడ్తాండాదన్నా," అన్నాడు నేతన్న, తొక్కుతూనే.

"మల్ల దిగు! నీకని ఆడ దోవ ఏసినారు గదా!"

"ఆ దోవలో నువ్వొకసారి పోయి చూడన్నా. నేను దిగను. దిగితే సెయ్యి పట్టదు, పడతా. ఒకసారి పడినా. ఇంగ పడితే మగ్గం పోతాది. గుద్దాలంటే గుద్దుకో."

గొంతు పెంచలేదు. వెనక్కి కూడా తిరగలేదు. కానీ సైకిలు వణుకుతోంది, నాకు కనపడింది. బస్సులో అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. కోర్టు వాయిదా ఉన్నాయన లేచి నిలబడి డ్రైవరును తిట్టాడు, ఇంకొకాయన సైకిలును తిట్టాడు. కండక్టరు ముందుకు వచ్చి, డ్రైవరు చెవి దగ్గర వంగి అన్నాడు.

"అన్నా, ఆయప్పేనన్నా. ఆ పొద్దు మన బండికి దిగబోయి పడిన ఆయప్ప. సెయ్యి చూడు."

డ్రైవరు చూశాడు. వంకరగా మడిచి హ్యాండిలు పట్టుకున్న ఆ మోచేతిని చాలాసేపు చూశాడు. హారన్ మీదినుంచి చెయ్యి తీశాడు. గేరు మార్చాడు. బస్సు సైకిలు వెనకే సైకిలు నడకన పోసాగింది.

నా ఉద్యోగంలో నేను చూసిన ఊరేగింపుల్లో అంత వింతైనది లేదు. ముందు ఒక్క సైకిలు, వెనక బస్సు, బస్సు వెనక లారీలు. వెనకవాళ్లు హారన్ కొడితే మా డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆగమన్నాడు. వాయిదా ఆయన "నడిచిపోతే ముందు పోతాం గదప్పా" అన్నాడు. టమేటా గంపతో కూర్చున్న ముసలామె ఆయన మీద గయ్యిమంది.

"దిగి నడువు మల్ల! వాడు పడితే వాని పెండ్లాం బిడ్డలకు నువ్వు పెడతావా కూడు?"

ఆయన కూర్చున్నాడు. మా ఇంజనీరు మాత్రం ఈ గొడవేదీ వినడం లేదు. కిటికీలోంచి తల వంచి కిందికే చూస్తున్నాడు. బస్సు అంత నెమ్మదిగా పోతుంటే తారు అంచు స్పష్టంగా కనపడుతోంది. ఒకచోట జానెడు, ఒకచోట బెత్తెడు. జీపులో పోయేటప్పుడు మాకెవరికీ కనపడని లోతు అది. నేతన్న తన ఊరి మలుపు తిరిగి పోయాక, అతను తల లోపలికి తీసి నాతో అన్నాడు.

"ఓవర్సీరు గారూ, ఆయనను దిగకుండా పక్కకు పోనిస్తే చాలండీ. ఈ అంచు లేకపోతే ఆయన పడేవాడే కాదు. ఇదీ మట్టి పనే కదండీ!"

అవును, మట్టి పనే. అంత మొరం తెచ్చి చింతచెట్ల అవతల పరిచినవాళ్లం, దాన్ని తారు పక్కనే, తారుతో సమంగా పరచి ఉంటే సరిపోయేది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాం.

బస్సు ఆలస్యమైనందుకు డ్రైవరును డిపోలో సంజాయిషీ అడిగారు. ముందు సైకిలు ఉందన్నాడట. సైకిళ్లకు వేరే దారి ఉంది కదా అన్నారట. "ఉండాది సార్, మీరొకసారి తొక్కి చూడండి" అన్నాడట. దాంతో సంగతి ఇంకా ముదిరింది. మా ఇంజనీరు స్వయంగా డిపోకు పోయి, ఆ దారి వేసింది మేమేననీ, అది తొక్కడానికి పనికిరాదనీ అధికారుల ముందు చెప్పి వచ్చాడు. డ్రైవరును వదిలేశారు. ఒక శాఖవాడు ఇంకో శాఖ వాకిట్లో నిలబడి మా పని చెడిందని చెప్పుకోవడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. ఆ రోజునుంచి మేము అతని సంగటి కష్టాల మీద నవ్వడం మానేశాం.

కొత్త పనికి కరువు కోసం మేము ఎక్కువ కాలం ఎదురుచూడాల్సిన అవసరం రాలేదు, మా జిల్లా ఆ విషయంలో ఎప్పుడూ మోసం చేయదు. మళ్లీ అవే గంపలు, అదే గుట్ట. ఈసారి మొరం తారు అంచుకు ఆనించి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించి, రెండు పక్కలా ఒక సైకిలు సుఖంగా పోయేంత మేర సమం చేశాం. వానకు కొట్టుకుపోయిన చోటల్లా గ్యాంగువాళ్లు వెంటనే నింపేలా చూశాను. ఆ రోడ్డు మీద ఉన్నన్నాళ్లు నా గొడవంతా ఆ అంచుతోనే.

పని అయిన కొత్తలో ఒక సాయంత్రం నేను చింతచెట్టు కింద నిలబడి ఉన్నాను. పట్నం వైపునుంచి నేతన్న వస్తున్నాడు, క్యారియరు మీద తెల్లటి మూట. వెనక బస్సు. ఆయన హ్యాండిలు కొంచెం తిప్పాడు. చక్రం తారు మీదినుంచి మొరం మీదికి కుదుపు లేకుండా జరిగింది. బస్సు వేగం తగ్గించి, పక్కనుంచి దాటి పోయింది. నేతన్న మళ్లీ తారు మీదికి వచ్చాడు, కాలు కింద పెట్టకుండానే.

ఇన్నాళ్లూ ఆయన మొహం చూడలేక తప్పించుకు తిరిగిన నేను, రోడ్డు మీదికి పరుగెత్తి పోయి చెయ్యి ఊపాను.

"అన్నా, ఆగన్నా! దిగు, ఉగ్గాని తిందాం!"

ఆయన నవ్వాడు. ఆపలేదు.

"దిగను సార్! ఇంగ ఇంటికాడనే దిగేది!"